బిడ్డల భరణమును, సొంతపనివారి ఆదాయమును
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

   

 గడచిన మహాసభలలో వసతిగృహములనుగూర్చియు, విద్యార్థివేతనములనుగూర్చియు, సామూహికవివాహములనుగూర్చియు పెద్దలు చక్కగా ఉపన్యసించియున్నారు. మేము చెప్పబోవు విషయ మంత శోభాయమానమైనది కాదు. భార్యాభర్తలు విడిపోయిన పిమ్మట బిడ్డల పోషణకు తండ్రి యెంత యియ్యవలయును, ఆ యెంత యనునది తేల్చుటకు సొంతపని చేసికొనువాని ఆదాయము నెట్లు తెలిసికొనవలయును అనునదే మా విషయము. "శుభమా యని పందిరి వేసికొని తెగతెంపుల మాట లేల?" అని నిన్నటి రాత్రి ఒక వృద్ధులు మమ్ము మందలించిరి. వారియందు మాకు గౌరవము కలదు. అయినను ఏడాది కొకమారు మాత్రమే మన మందరము ఒకచోట చేరుదుము. ఇచ్చట చెప్పని మాట మరి యెచ్చట చెప్పుదుము?

మేము లెక్కలు వ్రాయువారము. పటాన్‌చెరువు మొదలు సంగారెడ్డి వరకు గల చిన్న కార్ఖానాల ఖాతాపుస్తకములు ముప్పదియేండ్లకు పైగా మా చేతిమీదుగా నడచినవి. కావున ఇపుడు చెప్పునది న్యాయశాస్త్రము చదివి చెప్పునది కాదు. పుస్తకములలోని అంకెలు చూచి చెప్పునది. ఇందులో మా తప్పును కొంత కలదు. దానిని దాచకుండ చెప్పుదుము.

మనది అయిదు వృత్తుల కులము. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, అవుసల - ఈ అయిదింటిలో దేనిలోను నెలజీత మనునది పూర్వము లేదు. ఊరిలో కమ్మరి కొలిమివద్దకును వడ్లవాని వాకిటికిని రైతులు వచ్చి నాగళ్లు, కర్రులు బాగుచేయించుకొని పోయెడివారు. పంట నూర్చినపుడు కళ్లమువద్ద వానికి రావలసిన గింజలు కొలిచి యిచ్చెడివారు. ఆ కొలత ఊరందరి యెదుట జరిగెడిది. ఎవని యింట నెన్ని బస్తాలు చేరినవో పొరుగింటివానికే గాక పక్కయూరి వియ్యంకునికిని తెలియును. పేదరికము కలదు గాని రహస్యము లేదు. ఆలుమగలు విడిపోయి పంచాయతి కూర్చున్నను తండ్రి యేమి యియ్యగలడో ఎవరును అడుగ నక్కఱలేకపోయెను.

ఆ కాలము గడచిపోయినది. చాళుక్యుల నాడు పొట్టలకెరె యను పేర రాజధానిగా వెలసిన పటాన్‌చెరువు, మన తండ్రుల కాలమునకు చిన్న పల్లెటూరు. రామచంద్రాపురమున భారత హెవీ ఎలక్ట్రికల్సువారి కార్ఖానా లేచిన పిమ్మట, 1972లో మెట్టపంటల పరిశోధనకై ఇక్రిశాట్ వచ్చిన పిమ్మట, ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము వెలసిన పిమ్మట, పటాన్‌చెరువు, పాశమైలారము, బొల్లారము, జిన్నారము ప్రాంతములన్నియు మందుల కార్ఖానాలతోను ఇనుప కార్ఖానాలతోను నిండిపోయినవి. మన పిల్లలు మొదట ఆ కార్ఖానాలలో లేతు మిషను నడపువారుగా, వెల్డరులుగా, ఫిట్టరులుగా చేరిరి. కొలిమి యెఱిగిన చేతికి ఇనుము క్రొత్త కాదు గదా! పదియేండ్లు పనిచేసి, నాలుగు రూకలు కూడబెట్టి, రేకుల షెడ్డు కిరాయికి తీసికొని, పాత లేతు మిషను ఒకటి కొని, తామే యజమానులైరి. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి ప్రత్యేకజిల్లా యగునాటికి మనవారి షెడ్డులు మా చేతిలోనే నూఱుకు తక్కువ లేవు. ఇది మనకు గర్వకారణము. దీనిని తక్కువచేసి చెప్పుటకు మేము రాలేదు.

అయితే కళ్లములో కొలిచిన గింజకు బదులు ఇపుడు కరెంటు ఖాతాలో పడు సొమ్ము వచ్చినది. అది యెంతయో షెడ్డు యజమానికి తెలియును, లెక్కలు వ్రాయు మాబోటివానికి తెలియును. కట్టుకొన్న భార్యకు తెలియదు. కాపురము సాగినంతకాలము ఆ తెలియకపోవుట వలన పెద్ద నష్టము కనబడదు. విడిపోయిననాడు ఆ నష్టమంతయు బిడ్డ నెత్తిన పడుచున్నది.

మా తప్పు చెప్పెదమంటిమి. ఊరు, పేరు వదలి చెప్పుచున్నాము. ఒక యువకునికి లేతులు రెండు, డ్రిల్లింగు మిషను ఒకటి, పనివాండ్రు ఇద్దరు. పెద్ద కార్ఖానాలనుండి ఇనుము వచ్చును. దానిని కోసి, తిప్పి, కొలతకు తెచ్చి తిరిగి పంపును. దీనిని జాబువర్కు అందురు. సరకు వారిది, చేతిపని యితనిది. పెండ్లియైన అయిదవ యేట భార్యాభర్తలకు పడక ఆమె నాలుగేండ్ల కొడుకుతో పుట్టినిల్లు చేరెను. ఇరువైపులవారు గుడిమండపములో పెద్దమనుష్యులను కూర్చుండబెట్టిరి. అయిదుగురిలో మేమొకరము.

"నీకు నెల కేమి మిగులును?" అని అడుగగా, అతడు మావైపు చూపి, "లెక్కలు పెద్దబాపు రాస్తడు గదా, ఆయన్నే అడుగుండ్రి" అనెను. అందరును మావైపు తిరిగిరి. మేము సంచిలోనుండి అతని ఆదాయపుపన్ను రిటర్ను తీసి చదివితిమి. ఏటి వ్యాపారము ముప్పదిలక్షలు. చూపిన ఆదాయము రెండులక్షల నలుబదివేలు. నెలకు ఇరువదివేలు. అందరును తల లూపిరి.

ఆ రెండులక్షల నలుబదివేలు ఎట్లు వచ్చినదో ఈ సభలోని షెడ్డు యజమానుల కందరకును తెలిసినదే. 1961 నాటి ఆదాయపుపన్ను చట్టములో 44ఏడీ యను సెక్షనుక్రింద చిన్న వ్యాపారి వివరముగా లెక్కలు వ్రాయ నక్కఱలేకుండ, అమ్మకములో నూటికి ఎనిమిది, బ్యాంకు ద్వారా వచ్చినదానిపై నూటికి ఆఱు, ఆదాయమని చూపి పన్ను కట్టవచ్చును. 2025లో చేసిన క్రొత్త చట్టములోను ఈ యేర్పాటును నిలిపిరి. చిన్నవారికి పుస్తకముల బెడద తప్పించుటకు చేసిన మంచి యేర్పాటది. చట్టము ఎనిమిది యనుట తోడనే, అంతకు హెచ్చు వచ్చినచో ఆ హెచ్చును చూపుటకు దారి యుంచినది. హెచ్చు చూపువారిని మాత్రము మేము వ్రేళ్లమీద లెక్కింపవచ్చును.

సరకు తనదైనచో ముప్పదిలక్షలలో ఎక్కువపాలు ఇనుము ధరకే పోవును. జాబువర్కులో సరకు తనది కాదే! షెడ్డు కిరాయి, కరెంటు, ఇద్దరి జీతములు, టూలుబిట్లు, నూనె, అన్నియు కలిపి ఆ సంవత్సరము పదునెనిమిది లక్షలకు మించలేదు. ఈ సంగతి మాకు తెలియును. పండ్రెండులక్షలు, అనగా నెలకు లక్ష. ఆ మండపములో మేము చదివినది అబద్ధము కాదు. రిటర్నులో నున్నదే చదివితిమి. అది నిజమును కాదు. ఆ నడిమి యెడము ఎంతయో తెలిసి, నోరు మెదపక కూర్చుంటిమి. తల్లికిని బిడ్డకును కలిపి నాలుగులక్షలు ఒక్కమారుగా ఇచ్చి, ఇకమీద ఎట్టి కోరికయు ఉండదని కాగితము వ్రాయించి అయిదుగురము సంతకములు చేసితిమి.

రెండేండ్లకు అదే యువకుడు కంప్యూటరుతో నడచు సి.ఎన్.సి. మిషను కొనుటకు బ్యాంకు అప్పునకు పోయెను. బ్యాంకువారికి ఆదాయపు పట్టిక కావలయును. మేమే వ్రాసితిమి. అందులో ఏటి మిగులు పదమూడులక్షలని చూపితిమి. అదియును నిజమే. ఒకే కలముతో ఒకే మనుష్యునికి రెండు ఆదాయములు వ్రాసితిమి. ఒకటి పన్నుకు, ఒకటి అప్పుకు. మూడవది, బిడ్డకు చెప్పునది, పన్నుకు చెప్పినదే యైనది.

తరువాత ఒకనాడు మేము ఇస్నాపురమునకు పోయి, పని ముగించుకొని వచ్చుచు ఆ తల్లి యింటికి వెళ్లితిమి. ఆమె మందుల కార్ఖానాలో ప్యాకింగు పని చేయుచుండెను. పిల్లవానికి అప్పటికి పదేండ్లు. ఫీజు కట్టలేక మునుపటి బడి మాన్పించిరి. వాడు మంచినీళ్లు తెచ్చి యిచ్చి, "తాతా, మా నాయినకు పైసలు లేవన్నరంట గద మీరు. మరి గంత పెద్ద మిషను యెట్ల తెచ్చిండు?" అని యడిగెను. తల్లి వానిని కసరినది. మేము నీళ్లు త్రాగి వచ్చితిమి. ఆనాటినుండి ఈ విషయముపై చట్టము లేమి చెప్పుచున్నవో తెలిసికొనుటకు మొదలిడితిమి.

చట్టమున్నది. 1898 నాటి నేరవిచారణస్మృతి 488వ సెక్షనులోనే భార్యాబిడ్డల భరణము కలదు. 1973 నాటి స్మృతిలో అది 125వ సెక్షనయ్యెను. అందు నెలకు అయిదువందలు మించరాదను హద్దు చిరకాలము నిలిచి, 2001లో తొలగినది. 2024 జులై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అదియే 144వ సెక్షను. ఇదిగాక 1955 నాటి హిందూవివాహచట్టము, 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము, 2005 నాటి గృహహింస నిరోధకచట్టము కలవు. 1956 నాటి చట్టము 20వ సెక్షను తండ్రిపై మాత్రమే గాక తల్లిపైనను బిడ్డల పోషణభారము నుంచినది. అవివాహితయైన కూతురు తన్ను తాను పోషించుకొనలేనిచో మైనారిటీ దాటిన పిదపను ఆ చట్టముక్రింద అడుగవచ్చునని 2020 సెప్టెంబరులో అభిలాషా కేసునందు సుప్రీంకోర్టు చెప్పినది. ఆడుపిల్లల తండ్రులు ఈ మాటను గుర్తుంచుకొనవలయును.

చట్ట ముండియు ఫలము లేకపోవుటకు కారణమేమి? జీతగానికి జీతపు చీటి యుండును. భారత హెవీ ఎలక్ట్రికల్సులో పనిచేయువాని జీతము న్యాయస్థానము ఒక్క ఉత్తరముతో తెప్పించుకొనగలదు. షెడ్డు యజమానికి చీటి యేది? తానే యజమాని, తానే గుమాస్తా. అందుచే ఇన్నాళ్లు తల్లి లక్ష యనుట, తండ్రి పదివేలనుట, న్యాయాధిపతి రెంటి నడుమ నొక అంకెను ఊహించుట జరుగుచుండెను. ఆ ఊహకే ఏండ్లు పట్టుచుండెను.

ఈ యవస్థకు మందు 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పు. ఆ కేసులో నాగపూరు కుటుంబన్యాయస్థానము 2013 నుండి భార్యకు నెలకు పదునైదువేలు, కొడుకునకు మొదట అయిదువేలు, 2015 సెప్టెంబరునుండి పదివేలు మధ్యంతరభరణముగా విధించినది. ఆ మధ్యంతరపు వ్యాజ్యమే ఏడేండ్లు సాగినది! అయిదేండ్ల బిడ్డ పండ్రెండేండ్లవా డగుటకు చాలిన కాలమది. తీర్పు చెప్పిన యిద్దరిలో జస్టిస్ ఇందూ మల్హోత్రా ఒకరు; మన పాత మెదకు జిల్లాలో జన్మించిన జస్టిస్ ఆర్. సుభాష్‌రెడ్డి రెండవవారు. మన మట్టివాడని చెప్పుకొనుట తప్పు కాదని తలచెదము.

ఆ తీర్పు ప్రకారము భరణమునకు సంబంధించిన ప్రతి వ్యాజ్యములోను ఇరుపక్షములవారును తమ ఆస్తులు, అప్పులు, ఆదాయములను ప్రమాణపత్రముపై వెల్లడింపవలయును. ఎదుటివారు నాలుగువారములలో దాఖలు చేయవలయును. గడువు పొడిగింపులు రెంటికి మించరాదు. మధ్యంతరభరణము నాలుగునుండి ఆఱునెలలలో తేలవలయును. భరణము తీర్పునాటినుండి కాదు, దరఖాస్తు పెట్టిన నాటినుండి లెక్కింపవలయును. ఈ చివరిమాట మిక్కిలి ముఖ్యము. వాయిదాలు పెంచినకొలది తండ్రికి లాభమను పాతనమ్మకమును ఇది తీసివేసినది.

ప్రమాణపత్రపు నమూనాలో మనబోటివారికై ప్రత్యేకభాగము కలదు. వ్యాపార మేమి? అది ఒక్కని పేరనా, భాగస్వామ్యమా, కంపెనీయా, ఉమ్మడికుటుంబపు వ్యాపారమా? అందు తన పాలెంత? ఖర్చులు పోను మిగులునదెంత? ఇవి యడుగును. అన్ని బ్యాంకు ఖాతాల మూడేండ్ల పట్టికలు జతపఱుపవలయును. పొలము గలవారికి వేరు నమూనా కలదు. తెలిసి అబద్ధము వ్రాసినచో నేరవిచారణకును, న్యాయస్థాన ధిక్కారమునకును లోనగుదురు. మేము ఆ నమూనాను మొదట చదివినపుడు, దీనిని కూర్చినవారికి షెడ్డుల సంగతి యెవరో చెప్పియుందురని యనుకొంటిమి. "ఉమ్మడికుటుంబపు వ్యాపారమా?" అను ప్రశ్న మనవారి మర్మస్థానముననే తగులుచున్నది!

ఏలయనగా, దాచుటకు మనవారు త్రొక్కు దారులు మాకు తెలియనివి కావు. నోటీసు వచ్చిన నెలలోపల షెడ్డు తమ్ముని పేర మాఱును; తాను అందులో పదునైదువేల జీతగాడగును. జీఎస్టీ నంబరు తల్లిపేర నుండును. గల్లాపెట్టెవద్ద నంటించిన ఫోనుపే పలకపై బావమఱది పేరు కనబడును. అవుసలవారిలో మజూరియు తరుగును రొక్కముగానే చేతులు మాఱును, చీటియే యుండదు. వడ్రంగము చేయువారు బయానా చీటీలు చింపివేయుదురు. ఇవన్నియు తెలివి యనుకొందుము. అయితే కరెంటుబిల్లు అబద్ధమాడదు. జీతగాడనని చెప్పుకొనువాని షెడ్డులో మీటరు మునుపటివలెనే తిరుగుచుండును. 2017 జులైనుండి జీఎస్టీ పత్రములలో ఎవరికి ఎంత పనిచేసితిమో పనియిచ్చినవాని పద్దులోను కనబడును. ఉద్యమ్ నమోదులో మిషనుల విలువ తానే వ్రాసికొన్నాడు. అప్పుకై బ్యాంకునకిచ్చిన పట్టిక బ్యాంకులోనే యున్నది. తన స్వంత ఆదాయ మనునది తనకు మాత్రమే ప్రత్యేకముగా తెలిసిన సంగతి. దానిని చెప్పు బాధ్యత తనదే. చూపవలసిన కాగితము చూపనిచో అది తనకు ప్రతికూలముగా నుండునని న్యాయాధిపతి యూహింపవచ్చును. 1872 నాటి సాక్ష్యచట్టములో 106, 114 సెక్షనులుగా నున్న యీ సూత్రములే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమములో 109, 119 సెక్షనులుగా నున్నవి.

"వ్యాపారము మూతపడినది, చేతిలో చిల్లిగవ్వ లేదు" అను వాదము కూడ పాతదే. అంజూ గర్గ్ కేసులో తండ్రి అదియే చెప్పెను. 2022 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు, ఒడలు చక్కగా నున్నవాడు కూలిచేసియైన భార్యాబిడ్డలను పోషింపవలసినదేయని చెప్పి, కొడుకునకు కుటుంబన్యాయస్థానము విధించిన ఆఱువేలకు తోడు భార్యకు పదివేలు విధించినది.

తండ్రుల పక్షమున చెప్పవలసిన మాటలును కలవు. అవి చెప్పనిచో మా మాట ఒంటికంటి మాట యగును. వ్యాపార మొత్తము ఆదాయము కాదు. ముప్పదిలక్షల బిల్లులు చూపి ముప్పదిలక్షలు సంపాదించుచున్నాడని తల్లి తరపువారు వాదించుట మేము విన్నాము, అది అన్యాయము. సరకు తానే కొని పనిచేసినవానికి చేతిలో మిగులునది స్వల్పము. బిల్లు వ్రాసిన మఱునెలలోనే పన్ను కట్టవలయును; సొమ్ము మాత్రము ఆఱునెలలకు వచ్చును. చిన్న పరిశ్రమలకు నలుబదియైదు దినములలో సొమ్ము చెల్లింపవలెనని 2006 నాటి చట్టము చెప్పుచున్నను, పనియిచ్చు పెద్దవారిని ఆ చట్టముపేర అడిగినవానికి మఱునాడు పని యుండదని మనవారి భయము. 2020లో మూతపడిన షెడ్డులు కొన్ని మరల తెఱువలేదు. ఇట్టివాడు నిజము చెప్పినను నమ్మువారు లేకపోవుట, మిగిలినవారు అబద్ధము చెప్పుటచేతనే. మిషను అప్పు వాయిదా సంపాదనకు పెట్టిన ఖర్చు గనుక దానిని లెక్కలోనుండి తీసివేయుట న్యాయమని మా యభిప్రాయము. సదాశివపేట త్రోవలో కొన్న ఇంటిస్థలపు వాయిదాను బిడ్డ భరణమునకు ముందు పెట్టుట న్యాయము కాదు. పని తగ్గి ఆదాయము పడిపోయినచో, దాచుకొన నక్కఱలేదు. భరణము తగ్గింపుమని అడుగుటకు సంహిత 146వ సెక్షను కలదు. ఆదాయము పెరిగినపుడు పెంచుమని తల్లియు దానిక్రిందనే అడుగవచ్చును.

తల్లులును తమ ప్రమాణపత్రమును నిజముగనే వ్రాయవలయును. కుట్టుమిషనుపై వచ్చునదియు, కార్ఖానా జీతమును, చిట్టీసొమ్మును చెప్పవలయును. తల్లియు తగినంత సంపాదించుచున్నచో బిడ్డ చదువు ఖర్చును ఇరువురును తమ ఆదాయపు పాళ్లనుబట్టి భరింపవచ్చునని ఆ తీర్పే చెప్పినది. ఆమె కూలి చూపుకొన్నంత మాత్రమున తండ్రి భారము తీఱిపోదు. ఆ భయముతో దాచి తరువాత పట్టువడుటవలన బిడ్డకే నష్టము.

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. ఇంగ్లండులో 1991లో చట్టము చేసి, 1993లో బిడ్డల భరణమును నిర్ణయించుటకు ప్రత్యేక కార్యాలయమునే పెట్టిరి. ఇపుడచ్చట పన్నుశాఖవారివద్ద నున్న అంకెనే నేరుగా తెచ్చుకొని, సామాన్యపు రాబడిగలవానికి ఒక బిడ్డకు నూటికి పండ్రెండు, ఇద్దరికి పదునాఱు, ముగ్గురు మొదలు ఆ పైవారికి పందొమ్మిది పాళ్లు కట్టుచున్నారు. ఆస్ట్రేలియావారు 1988లోనే ఇట్టి పద్ధతి ప్రారంభించిరి. జీతగాండ్ర విషయమున ఈ లెక్క క్షణములో తేలును. సొంతవ్యాపారివద్దకు వచ్చుసరికి, లాభమును కంపెనీలోనే యుంచి తనకు స్వల్పముగా తీసికొనువారితో వారును సతమతమగుచునే యున్నారు. మన దేశములో పాళ్ల పట్టిక లేదు; న్యాయాధిపతి విచక్షణయే. పట్టిక రావలెనని కొందరందురు. పన్ను రిటర్నులోని అంకెపై పట్టిక కట్టినచో మన మండపములో జరిగిన పొరపాటే చట్టమై కూర్చుండునని మా భయము.

తీర్పు వెలువడినంతమాత్రమున అంతయు చక్కబడలేదు. క్రింది న్యాయస్థానములలో ప్రమాణపత్రములు లేకుండనే భరణములు తేల్చుచున్నారని చూచి, 2023 నవంబరు 6న అదితి యను బాలిక కేసులో సుప్రీంకోర్టు ఆ మార్గదర్శకములను మరల అన్ని న్యాయస్థానములకు పంపుడని యాజ్ఞాపింపవలసి వచ్చెను. ఆ బిడ్డకు కుటుంబన్యాయస్థాన మిచ్చిన ఇరువదివేలను హైకోర్టు ఏడువేల అయిదువందలకు తగ్గించియుండెను. న్యాయస్థానములే మరచినపుడు గుడిమండపముల సంగతి చెప్పనేల?

ఆ మండపముల మాటయే ఇపుడు చెప్పవలసియున్నది. మనవారిలో అనేకులు కోర్టునకు పోరు, కులపెద్దలవద్దకే వత్తురు. అది మంచిదే. ఖర్చు తక్కువ, పరువు దక్కును. అయితే మేము వ్రాయించు కాగితములలో "తల్లీబిడ్డలకు ఇకమీద ఎట్టి హక్కును లేదు" అను మాట యొకటి ఆచారముగా వచ్చుచున్నది. తల్లి తన హక్కును వదలుకొన్నను బిడ్డ హక్కును వదలుటకు ఆమెకు అధికారము లేదు. ఆ సంతకము బిడ్డను కట్టివేయదు. తల్లి ద్వారా వాడు ఎపుడైనను న్యాయస్థానమున కెక్కవచ్చును. మేము పెట్టించిన ఆ వాక్యము చట్టములో చెల్లదు. పదేండ్లు తల్లిని భయపెట్టి యింట కూర్చుండబెట్టుటకు మాత్రము చక్కగా చెల్లినది.

కావున ఈ సభవారికి మా ప్రార్థన యొక్కటే. ఇకమీద మన పెద్దమనుష్యు లెవరైనను బిడ్డలున్న దంపతుల తగవు తీర్చుటకు కూర్చున్నచో, సుప్రీంకోర్టు నమూనాలోని ప్రశ్నలే ఇరువురను అడిగి, మూడేండ్ల బ్యాంకుపట్టికలును, కరెంటుబిల్లులును, అప్పుకై బ్యాంకునకిచ్చిన కాగితములును ముందుంచుకొని మాటలాడవలయును. బిడ్డ సొమ్మును తల్లి సొమ్ముతో కలుపక వేరుగా, నెలనెల బ్యాంకుద్వారా వచ్చునట్లు వ్రాయవలయును. హక్కు లేదను వాక్యమును కాగితమునుండి తీసివేయవలయును. షెడ్డు లెక్కలు వ్రాయువారు మండపములో పెద్దమనిషిగా కూర్చుండరాదు, సాక్షిగా నిలువవచ్చును. ఈ చివరిది మమ్మే ఉద్దేశించి చెప్పుకొనుచున్నాము.

తగవు తెగనిచో స్త్రీలకును బిడ్డలకును వారి ఆదాయముతో పనిలేకుండ ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టమువలన లభించును. సంగారెడ్డిలోని జిల్లా న్యాయసేవాధికారసంస్థలో దరఖాస్తు ఇయ్యవచ్చును. విధించిన భరణము కట్టనిచో ఏడాదిలోపల వసూలుకై అడుగవలయును, ఆలస్యము చేయరాదు. జప్తుచేసినను రాని నెల కొక్కొక్కటికి నెలవరకు చెఱ విధించు నధికారము మేజిస్ట్రేటునకు కలదు. చెఱలో నున్నవాడు లేతు నడపలేడు గనుక అంతదూరము పోనీయవలదని ఇరుపక్షములకును మా మనవి.

మేము చెప్పిన పిల్లవాని తల్లి కిందటి మాఘమాసములో మాయొద్దకు వచ్చి, దరఖాస్తు పెట్టదలచితినని చెప్పెను. పాత కాగితముపై సంతకముచేసిన అయిదుగురిలో ఇద్దరు గతించిరి. న్యాయస్థానమువారు పిలిచినచో ఖాతాపుస్తకములతో వచ్చి, నాడు చదివిన అంకెను, చదువని అంకెను రెంటిని చెప్పెదమని ఆమెతో నంటిమి. ఆ యువకునికిని ఈ మాట ముందుగనే తెలియజేసితిమి. అతడు తన లెక్కలను మాయొద్దనుండి వేరొకరికి మాఱ్చుకొనెను. అది అతని యిష్టము.

ప్రమాణపత్రపు నమూనాను తెలుగులో వ్రాయించి, రెండువందల ప్రతులు అచ్చువేయించి, భోజనశాల ద్వారమువద్ద బల్లపై నుంచితిమి. వెల లేదు. తీసికొనుటకు మొగమాటపడువారు తమ కొఱకు కాదని చెప్పి తీసికొనవచ్చును, మేము అడుగము.